గోష్ఠపాలుడు

సంస్కృతంలో గోష్ఠమంటే ఆవులమంద నిలిచే చోటు. ఆ చోటును కాచేవాడు గోష్ఠపాలుడు. విరాటపర్వంలోని గోగ్రహణ ఘట్టాలను చదివిన విద్యార్థులకు మందను కాయడంలోని కష్టం కొత్తగా చెప్పనవసరం లేదు. దక్షిణంనుండి సుశర్మ, ఉత్తరంనుండి కౌరవసేన వచ్చి పడినప్పుడు ఎదురు నిలిచినవారి శౌర్యమే ఆ పర్వానికి ప్రాణం. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో కలకత్తా మైదానంలో అటువంటి కాపలానే ఇరవై రెండేళ్లపాటు నిర్వహించిన క్రీడాకారునికి పెద్దలు పెట్టిన పేరు గోష్ఠ, ఇంటిపేరు పాల్. ఆయన కాచినది ఆలమందను కాదు, మోహన్ బాగాన్ ఫుట్‌బాల్ జట్టు గోలును. పేరుకూ వృత్తికీ ఇంతగా పొత్తు కుదరడం అరుదు.

ఫుట్‌బాల్ ఆటలో గోలు చేసినవాని పేరు మరునాడు పత్రికలలో వస్తుంది. గోలు కాకుండా ఆపినవాని పేరు రావడం తక్కువ. ఆపిన గోలుకు లెక్క ఉండదు. తప్పిన గోలుకు మాత్రం నింద ఉంటుంది. వెనుక వరుసలో నిలిచే ఆటగాని బ్రతుకు ఇటువంటిది. అటువంటి స్థానంలో ఆడి, ఒక్క పెద్ద కిరీటమైనా గెలుచుకోకుండానే భారతీయ ఫుట్‌బాల్‌లో పురాణపురుషునిగా నిలిచిన గోష్ఠపాల్ జీవితం పరిశీలింపదగినది.

ఆయన 1896 ఆగస్టు 20వ తేదీన తూర్పు బెంగాలులోని ఫరీద్‌పూర్ జిల్లా భోజేశ్వర్ గ్రామంలో జన్మించారు. దేశ విభజనతో ఆ ప్రాంతం 1947లో పాకిస్తాన్‌కు, 1971లో బంగ్లాదేశ్‌కు చెందింది. బాల్యంలోనే ఆయన కలకత్తాకు వచ్చారు. ఉత్తర కలకత్తాలో హుగ్లీ నది ఒడ్డున కుమార్‌టులి అనే పేట ఉంది. దుర్గాపూజకు మట్టి ప్రతిమలను మలచే కుమ్మరుల పేట అది. ఆ పేట పేరుతో ఉన్న జట్టులో గోష్ఠపాల్ తన పదకొండవ ఏట ఆడటం మొదలుపెట్టారు. అది 1907వ సంవత్సరం. రెండేళ్ల క్రితమే వంగదేశాన్ని రెండుగా చీల్చారు. వీధివీధినా స్వదేశీ నినాదం వినిపిస్తున్నది. బెంగాలీలు దేహదారుఢ్యం లేనివారని తెల్లదొరలు ఎగతాళి చేసేవారు. ఆ మాటకు కొందరు వ్యాయామశాలలలో సమాధానం వెదికారు. మరికొందరు తోలుబంతిలో వెదికారు.

ఆ సమాధానం 1911 జూలై 29న లభించింది. ఆనాటి ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోటీలో మోహన్ బాగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 గోళ్లతో ఓడించింది. శివదాస్ భాదురీ నాయకత్వం వహించిన ఆ పదకొండుగురిలో పదిమంది ఉత్తకాళ్లతో ఆడారు. సుధీర్ చటర్జీ ఒక్కరే బూట్లు ధరించారు. చూడటానికి చోటు చాలక జనం చెట్లెక్కారు. దూరాన ఉన్నవారికి తెలియాలని గోళ్ల సంఖ్య వ్రాసిన గాలిపటాలను ఎగురవేశారు. ఆ రోజుకు గోష్ఠపాల్‌కు పదిహేనేళ్లు నిండటానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఆ వయసు బాలునికి ఆ సాయంకాలం ఎంత పెద్దదో మనం ఊహించుకోవలసిందే. ఆ తరువాత ఒకటి రెండేళ్లకే, పదహారేళ్ల ప్రాయంలో, ఆయన అదే మోహన్ బాగాన్ జట్టులో చేరారు. 1935లో ఆట విరమించేవరకు మరొక క్లబ్బు గడప తొక్కలేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. 1920లో తూర్పు బెంగాలు వారి అభిమానం పునాదిగా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఏర్పడింది. నాటినుండి ఈ రెండు క్లబ్బుల స్పర్ధ కలకత్తాలో ఇంటింటి స్పర్ధ. పుట్టుకచేత గోష్ఠపాల్ తూర్పువారు, ఆటచేత పడమటివారు. 1925 మే 28న జరిగిన ఈ రెండు జట్ల తొలి లీగు పోటీలో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది. జన్మభూమి పేరు పెట్టుకొన్న జట్టు ఎదుట నిలిచినా, గోష్ఠపాల్ తాను మొదట పట్టిన జెండానే పట్టుకొని ఉన్నారు.

ఆనాటి ఆట తీరు ఈనాటి విద్యార్థులకు కొంత వివరించాలి. గోల్‌కీపరుకు ముందు ఇద్దరే బ్యాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులు నిలిచేవారు. అంటే ఐదుగురు దాడిచేసేవారిని ఆపవలసిన చివరి భారం ఇద్దరిమీదనే పడేది. గోష్ఠపాల్ కుడివైపు బ్యాకు. అప్పటి ఆఫ్‌సైడు నిబంధన మాత్రం బ్యాకులకు కొంత అనుకూలంగా ఉండేది. బంతి అందుకొనే ఫార్వర్డుకూ గోలుగీతకూ నడుమ ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఒక బ్యాకు సమయం చూసి ముందుకు జరిగితే చాలు, ఫార్వర్డు ఆఫ్‌సైడులో చిక్కుకొనేవాడు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. అంతటితో ప్రపంచమంతటా గోళ్లు వెల్లువెత్తాయి. ఇంగ్లండులో నడిమి హాఫ్‌బ్యాకును వెనుకకు దింపి మూడవ బ్యాకును సృష్టించవలసి వచ్చింది. గోష్ఠపాల్ ఈ రెండు నిబంధనల కిందా ఆడారు. ముప్పయ్యవ ఏటికి చేరువలో ఉండగా ఆట నియమమే మారిపోయినా మరి పదేళ్లు తన స్థానాన్ని నిలబెట్టుకొన్నారు. ఆయన గొప్పతనాన్ని కొలవడానికి నాకు ఇంతకంటె మంచి కొలబద్ద కనిపించదు.

నిబంధనలకంటె కఠినమైనది పాదాల సమస్య. ఎదుటిజట్లలో అధికం బ్రిటిష్ సైనిక పటాలాలు, తెల్లవారి క్లబ్బులు. వారి కాళ్లకు దళసరి తోలుబూట్లు, వాటి అడుగున బొడిపెలు. మనవారి కాళ్లకు చీలమండల చుట్టూ బిగించిన పట్టీలు తప్ప మరేమీ లేవు. ఫార్వర్డు తప్పించుకొని పరుగెత్తవచ్చు; బ్యాకుకు ఆ అవకాశం లేదు. అతడు బంతికోసం ఆ బూటుకు ఎదురుగానే పోవాలి. ఉత్తకాలు బూటుతో ఢీకొంటే విరిగేది కాలే కనుక, బూటు బంతిని చేరడానికి రెప్పపాటు ముందే తన పాదం చేరాలి. ఆ రెప్పపాటును గుర్తించడమే గోష్ఠపాల్ విద్య. ఆయనది పొడగరి, బలిష్ఠమైన దేహం. న్యాయసమ్మతంగా భుజంతో ఢీకొని ప్రత్యర్థిని బంతినుండి తొలగించడంలో ఆయనకు మంచి పేరుండేది. చిక్కించుకొన్న బంతిని దూరంగా తన్ని దాడిని ఎదుటివారి సగానికి మరల్చేవారు.

పొడినేలపై ఉత్తకాళ్లు వేగంగా కదులుతాయి. బంతి పాదానికి అంటుకొని తిరుగుతుంది. వానపడితే అంతా తలక్రిందులవుతుంది. నీరు పీల్చిన తోలుబంతి బరువెక్కుతుంది, తడిపచ్చికపై పాదం జారుతుంది. బూటు బొడిపెలు మాత్రం నేలలో గట్టిగా నాటుకొంటాయి. కలకత్తా ఫుట్‌బాల్ ఋతువు వేసవిలో మొదలై వర్షాకాలం నడుమకు వచ్చేది. కనుక లీగు తొలి వారాలలో ముందున్న భారతీయ జట్టు ఆషాఢమేఘాలు కమ్మేసరికి వెనుకబడటం ఏటేటా జరిగేది. మన కావ్యాలలో మేఘం విరహులను బాధించింది; కలకత్తాలో ఫుట్‌బాల్ అభిమానులను బాధించింది.

ఆనాటి లీగులో మన జట్లకు ప్రవేశమే సులభంగా దొరకలేదు. షీల్డు గెలిచిన మూడేళ్లకు గాని, 1914లో గాని, మోహన్ బాగాన్‌కు రెండవ డివిజనులో చోటివ్వలేదు. 1915లో మొదటి డివిజనుకు చేరింది. మొదటి డివిజనులో రెండుకు మించి భారతీయ జట్లు ఉండరాదన్న నియమం 1920ల నడుమవరకు కొనసాగింది. ఇటువంటి వ్యవస్థలో ఏళ్ల తరబడి బలమైన తెల్లజట్ల ఫార్వర్డులను ఉత్తకాళ్లతో నిలువరించిన ఆటగానికి ఇంగ్లీషువారి పత్రికయే బిరుదునిచ్చింది. ఇంగ్లీష్‌మన్ అనే ఆ పత్రిక ఆయనను చైనా గోడతో పోల్చింది. నాటినుండి బెంగాలు ప్రజలు కూడ ఆయనను ఆ పేరుతోనే పిలుచుకొన్నారు. పొగడ్త ఎదుటిపక్షంనుండి వచ్చినప్పుడు దాని విలువ రెట్టింపు.

1921లో గోష్ఠపాల్ మోహన్ బాగాన్ కెప్టెన్ అయ్యారు. ఐదేళ్లపాటు ఆ బాధ్యతలో ఉన్నారు. ఉమాపతి కుమార్, బలాయిదాస్ చటర్జీ వంటి మేటి ఆటగాళ్లు ఆయనతో కలిసి ఆడిన కాలమది. ఈ ఐదేళ్లలో 1923 మరువరానిది. ఆ సంవత్సరం జట్టు పన్నెండేళ్ల తరువాత మరల షీల్డు తుదిపోటీకి చేరింది. ఎదుటిపక్షం కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు. 1872లో స్థాపించిన తెల్లవారి క్లబ్బు అది. 1911 మరల వస్తుందని నగరమంతా ఎదురుచూసింది. వచ్చింది వాన. నేల బురదగా మారింది. ఆ బురదలో పాదాలు నిలవక మోహన్ బాగాన్ 0-3తో ఓడిపోయింది. మూడు గోళ్లు చొరబడిన జట్టుకు చైనా గోడ నాయకుడు. కాపలాదారునికి అటువంటి సాయంకాలం ఎంత బరువో వేరుగా చెప్పాలా?

అదే సంవత్సరం జట్టు బొంబాయికి వెళ్ళి రోవర్స్ కప్పులో ఆడింది. అక్కడ కూడ తుదిపోటీ దాకా చేరి, డర్హమ్ లైట్ ఇన్‌ఫెంట్రీ చేతిలో 1-4తో ఓడింది. ఒకే ఏట రెండు పెద్ద తుదిపోటీలకు చేరడం భారతీయ జట్టుకు అంతకుముందు ఊహకందని విషయం. రెండింటా ఓడటం అంతకంతకూ బాధాకరం. లీగులో కూడ రెండవ స్థానం ఒకటికంటె ఎక్కువసార్లు దక్కింది, మొదటి స్థానం దక్కలేదు. 1925లో సిమ్లాలో జరిగే డ్యూరాండ్ పోటీలకు వెళ్ళినా కప్పు చేతికి రాలేదు. ఇరవై రెండేళ్ల ఆటలో గోష్ఠపాల్ ఒక్కసారి కూడ లీగు విజేత కాలేదు, షీల్డు విజేత కాలేదు. ఈ సత్యాన్ని ఆయనను స్తుతించేవారు సాధారణంగా దాటవేస్తారు. దాటవేయనక్కరలేదని నా అభిప్రాయం. ప్రతి సంవత్సరం వానతో కూడ ఓడి, మరుసటి వేసవికి మరల అదే కుడివైపు స్థానంలో వచ్చి నిలిచిన మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆ లెక్క తెలిసి ఉండాలి.

ఆయన ఫుట్‌బాల్‌తో ఆగలేదు. మోహన్ బాగాన్ పక్షాన హాకీ, క్రికెట్, టెన్నిస్ కూడ ఆడారు. క్రికెట్‌కు సంబంధించి ఒక ఘటన ప్రసిద్ధం. కలకత్తా క్లబ్బువారితో జరిగిన ఒక పోటీలో ఆయన ధోవతి కట్టుకొని బరిలో దిగారు. అది ఆటకు తగిన దుస్తు కాదని తెల్లవారు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం తన బట్టకు కాక తన జాతికి తగిలినట్లుగా మోహన్ బాగాన్ భావించింది. రెండు క్లబ్బుల సంబంధం అక్కడే చెడింది. బూట్లులేని పాదాలను సహించినవారు ధోవతిని సహించలేకపోవడం వింతగానే ఉంటుంది. ఉత్తకాళ్లవల్ల వారికి లాభముంది. ధోవతివల్ల లాభమేమీ లేదు.

1933లో గోష్ఠపాల్ నాయకత్వంలో భారతీయ జట్టు సింహళానికి వెళ్ళింది. అప్పటికి ఆయనకు ముప్పదియారేళ్లు దాటాయి. మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకు తొలి నాయకునిగా ఆయనను పేర్కొనడం వాడుక.

మరుసటి సంవత్సరం కలకత్తా లీగు చరిత్ర మలుపు తిరిగింది. 1934లో మహమ్మడన్ స్పోర్టింగ్ లీగు గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ జట్టుగా నిలిచింది. 1938 వరకు వరుసగా ఐదేళ్లు ఆ కిరీటం వారిదే. నేల తడిసిన రోజులలో వారు బూట్లు ధరించి ఆడారు. ఇరవై ఏళ్లుగా మోహన్ బాగాన్‌ను బాధించిన ప్రశ్నకు ఇంత సులువైన జవాబు ఉన్నదని అప్పుడు తెలిసింది. ఉత్తకాలు మనకు గర్వకారణమా, అడ్డంకియా అన్న చర్చ ఆ తరువాత కూడ సాగింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడి 1-2తో ఓడిన మన జట్టులో అధికులు ఉత్తకాళ్లతోనే ఆడారు. 1952 హెల్సింకిలో యుగొస్లావియా చేతిలో 1-10తో ఓడిన తరువాతగాని బూట్లు తప్పనిసరి కాలేదు. గోష్ఠపాల్ తరం చూపిన సాహసం ఎంత గొప్పదైనా, ఆ సాహసాన్ని సంప్రదాయంగా మార్చుకొని మనం నష్టపోయామని అంగీకరించాలి. అది ఆయన తప్పు కాదు.

ఆయన తుది ఘట్టం 1935లో జరిగింది. ఆ రోజులలో రిఫరీలు అధికం తెల్లవారే. భారతీయ జట్లకు వ్యతిరేకంగా తీర్పులు ఇస్తున్నారన్న ఫిర్యాదు ఏళ్లనాటిది. గోలును కాచేవానికి ఇటువంటి తీర్పు తగిలినంతగా మరెవరికీ తగలదు. బంతిని ఆపవచ్చు, ఆటగానిని ఆపవచ్చు, ఈలను ఆపలేము. ఆ సంవత్సరం కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బుతో జరిగిన పోటీలో రిఫరీ పక్షపాతం హద్దుమీరిందని మోహన్ బాగాన్ ఆటగాళ్లు భావించారు. గోష్ఠపాల్, ఆయనతోపాటు జట్టువారు, మైదానంలోనే నేలపై పడుకొన్నారు. రిఫరీమీద చేయిచేసుకోలేదు, ప్రేక్షకులను రెచ్చగొట్టలేదు, ఆటస్థలాన్ని విడిచి వెళ్ళలేదు. ఆడము, కదలము అన్నట్లు ఉండిపోయారు. దేశంలో సత్యాగ్రహం అంటే ఏమిటో పసిపిల్లలకు కూడ తెలిసిన కాలమది. మైదానంలో దానిని చూసినవారికి విడిగా వివరణ అక్కరలేకపోయింది. ఆ పోటీ తరువాత గోష్ఠపాల్ ఆట విరమించారు. ఇరవై రెండేళ్లు నిలువుగా నిలిచిన గోడ ఆఖరిసారి తనకుతానే నేలకు ఒరిగింది.

విరమించిన నాలుగేళ్లకు, 1939లో, మోహన్ బాగాన్ తొలిసారి లీగు గెలిచింది. 1947లో, ముప్పదియారేళ్ల తరువాత, షీల్డును మరల తెచ్చుకొన్నది. ఆ రెండు విజయాలనూ ఆయన చూడటానికి ఉన్నారు, ఆడటానికి లేరు. రెండవ విజయంనాటికి దేశం స్వతంత్రమై, ఆయన పుట్టిన ఊరు సరిహద్దుకు ఆవల మిగిలిపోయింది.

భారత ప్రభుత్వం 1962లో ఆయనకు పద్మశ్రీ ప్రదానం చేసింది. ఆ గౌరవాన్ని పొందిన తొలి ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆయనే. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు నిండబోతున్నాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం సాధించింది. ఆ జట్టును తీర్చిదిద్దిన గురువు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. గోలు కాచిన పీటర్ తంగరాజ్ కూడ హైదరాబాదులో పుట్టినవారే. వెనుక వరుసకు చెందిన జర్నైల్ సింగ్ తలకు గాయమై ఉన్నందున ఆ తుదిపోటీలో ముందువరుసలో ఆడి ఒక గోలు చేశారు. జర్నైల్ సింగ్ ఆనాడు మోహన్ బాగాన్ ఆటగాడు. అంటే గోష్ఠపాల్ కాచిన కోటకు వారసుడు. వెనుకవాడు ముందుకు వచ్చి గోలు చేసి పతకం తేవడం పెద్దాయనకు ఎంత సంతోషం కలిగించి ఉండాలి!

గోష్ఠపాల్ 1976 ఏప్రిల్‌లో, ఎనభయ్యవ ఏట, కలకత్తాలో మరణించారు. 1984లో ఈడెన్ గార్డెన్స్ సమీపాన ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1998లో తపాలాశాఖ ఆయన చిత్రంతో స్టాంపు వెలువరించింది. 2004లో మోహన్ బాగాన్ క్లబ్బు తన అత్యున్నత పురస్కారమైన మోహన్ బాగాన్ రత్నను మరణానంతరం ఆయనకు ప్రకటించింది. మైదాన్‌లో ఆ క్లబ్బు ఉన్న దారికి గోష్ఠపాల్ సరణి అని పేరు. క్లబ్బుకు ఉత్తరం వ్రాసేవారు చిరునామాలో మొదట ఆయన పేరునే వ్రాయాలి. ఆటకు వెళ్ళేవారు గోలును చేరకముందు ఆయన పేరును దాటుకొనే వెళ్ళాలి.